వీఆర్ అంతటినీ ఒకే గాటన కట్టకండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వీఆర్ పరికరాలు కొనే కమిటీలకు, విద్యాసంస్థల యాజమాన్యాలకు, ఉత్సవాల్లో స్టాళ్లకు అనుమతులిచ్చే అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్లంటే తలకు తగిలించుకుంటే మన చుట్టూ ఉన్నట్టే బొమ్మ చూపించే పరికరాలు. ఈ రెండు జిల్లాల్లో వాటిని బిగించడం, బాగుచేయడం, వాటిలో నడిచే పాఠాలు తయారుచేయడం మా పని. ఇక్కడ రాస్తున్నవన్నీ ఇదివరకే వినతిపత్రాలుగా ఇచ్చాం. రసీదు ముద్ర పడింది, జవాబు రాలేదు. ఈలోగా కొత్త కొనుగోళ్ల ఫైళ్లు కదులుతున్నాయి. అందుకే నలుగురికీ తెలిసేలా రాస్తున్నాం.

మా గోడు ఒక్కటే. కొనేటప్పుడు, గది కేటాయించేటప్పుడు, అనుమతి ఇచ్చేటప్పుడు వీఆర్ అంటే ఒకే వస్తువన్నట్టు చూస్తున్నారు. ఇండెంటులో, అంటే కొనుగోలు కోరే పత్రంలో, ‘వీఆర్ హెడ్‌సెట్లు – 20’ అని ఒక్క వరస. విడదీయమని అడిగితే కంపెనీలవారీగానో ధరలవారీగానో విడదీస్తామంటున్నారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. తలకు పెట్టుకున్న మనిషి ఒళ్లు ఏం చేస్తుందో చూసి విడదీయాలి. కూర్చుని తల తిప్పి చూసేది ఒక రకం. నిలబడి చేతులతో పనిచేసేది రెండో రకం. గదిలో నడుస్తూ, వంగుతూ, పక్కకు జరుగుతూ వాడేది మూడో రకం. గది కొలతలు, కుర్చీలు, పక్కన ఉండాల్సిన మనుషులు, ఎంతసేపు వాడొచ్చన్నది, ఎవరికి ఇవ్వకూడదన్నది ఈ మూడింటికీ వేరువేరు. ముందు ఈ విభజన జరగకపోతే తర్వాత పెట్టే ప్రతి రూపాయీ తప్పు చోటే పడుతుంది. ఎలాగంటే:

1. గది లెక్క. మన స్కూళ్లలో, జూనియర్ కాలేజీల్లో ల్యాబుకు ఇచ్చేది మామూలుగా 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవున్న తరగతి గది. నడిచే రకానికి హెడ్‌సెట్ తయారీదారులు ఒక్కొక్కరికీ కనీసం రెండు మీటర్లకు రెండు మీటర్ల ఖాళీ జాగా ఉండాలంటారు. అంటే ఆరున్నర అడుగుల చదరం. చెయ్యి చాచినా పక్కవాడికి తగలకుండా చుట్టూ ఒకటిన్నర అడుగులు వదిలితే తొమ్మిదిన్నర అడుగుల చదరం అవుతుంది. ఆ గదిలో రెండు వరసల్లో మూడేసి చొప్పున ఆరు పడతాయి. తలుపు, బీరువా, టీచరు నిలబడే చోటు తీసేస్తే మిగిలేది నాలుగు. నిలబడే రకానికి ఏడు అడుగుల చదరం చాలు, ఎనిమిది మంది పడతారు. కూర్చునే రకానికి అయిదు అడుగుల చదరం వేసుకుంటే పదహారు మంది హాయిగా పడతారు.

అదే గదిలో 20 హెడ్‌సెట్లు పెట్టి నడిచే రకం పాఠం నడిపితే పిల్లలు చేతుల్లో పట్టుకునే కంట్రోలర్లతో ఒకరి మొహం మీద ఒకరు కొడతారు. హెడ్‌సెట్‌లో ముందే గీసుకునే హద్దు, దగ్గరకు వెళ్తే గోడలా కనిపిస్తుందే గాని, హద్దు దాటి వచ్చే పక్క పిల్లాడి చేతిని ఆపదు. ఇంకో సంగతి. కూర్చునే రకానికి చక్రాలున్న ఆఫీసు కుర్చీలు తెప్పిస్తున్నారు. హెడ్‌సెట్‌తో కళ్లు మూసుకుపోయిన మనిషి లేచి మళ్లీ కూర్చోబోతే ఆ కుర్చీ వెనక్కి జారిపోతుంది. అక్కడ కావాల్సింది నిలిచినచోటే తిరిగే కుర్చీ, కింద చక్రాలు లేనిది. నిలబడే రకం గదిలో ఫ్యాన్ ఎత్తు కూడా చూడాలి. అయిదడుగుల ఎనిమిదంగుళాల కుర్రాడు కంట్రోలరు పట్టుకుని చెయ్యెత్తితే ఏడున్నర అడుగులు దాటుతుంది. వేదిక మీద నిలబెడితే ఆ ఎత్తు కూడా కలుస్తుంది. సీలింగ్ ఫ్యాన్ కన్నా గోడ ఫ్యాన్ మేలు. మొహానికి ఎదురుగా గాలి తగిలితే తాను ఎటు తిరిగి ఉన్నాడో పిల్లాడికి తెలుస్తుంది, తల తిరగడమూ కొంత తగ్గుతుంది.

2. చవకగా వచ్చిందని కొనేవి. తల తిప్పడాన్ని మాత్రమే కనిపెట్టే పరికరాలను త్రీ డాఫ్ అంటారు. తల తిప్పడంతోపాటు ముందుకు, వెనక్కి, పక్కలకు, పైకి, కిందికి జరగడాన్ని కూడా కనిపెట్టేవి సిక్స్ డాఫ్. 2014లో వచ్చిన గూగుల్ కార్డ్‌బోర్డ్, 2018లో వచ్చిన ఆక్యులస్ గో త్రీ డాఫ్ రకం. 2019 నాటి మొదటి క్వెస్ట్, ఆ తర్వాతి క్వెస్ట్ 2, క్వెస్ట్ 3, క్వెస్ట్ 3ఎస్ సిక్స్ డాఫ్. త్రీ డాఫ్ పరికరం పెట్టుకుని పిల్లాడు వస్తువును దగ్గరగా చూద్దామని ముందుకు వంగితే బొమ్మ కూడా అతనితోపాటే కదులుతుంది. ఒళ్లు కదిలిందని చెవి లోపలి సమతుల్యత భాగం చెబుతుంది, కదల్లేదని కన్ను చెబుతుంది. వికారం పుట్టేది అక్కడే. దాన్ని నడిచే పాఠానికి వాడాలంటే వాంతులకు బకెట్లు కూడా ఇండెంటులో రాయాలి.

అలాగని త్రీ డాఫ్ పనికిరానిదని కాదు. కూర్చుని 360 డిగ్రీల వీడియో చూడటానికి అది చాలు. కానీ ఆ వీడియో ‘4కే’ అన్నారు కదా అని మురిసిపోకండి. 4కే అంటే అడ్డంగా 3840 చుక్కలు. అవి చుట్టూ 360 డిగ్రీలకు పరుచుకుంటాయి. ఏ క్షణాన చూసినా కంటి ముందుండేది సుమారు 90 డిగ్రీలు, అంటే 960 చుక్కలు. క్వెస్ట్ 2, క్వెస్ట్ 3ఎస్‌లలో ఒక్కో కంటికి అడ్డంగా 1832 చుక్కలున్నాయి. సగం సరుకుతో తెర నింపినట్టు, బొమ్మ మసకగా కనిపిస్తుంది. పిల్లలు కళ్లు చిట్లిస్తారు, ‘హెడ్‌సెట్ పాడైంది’ అని మాకు ఫోన్ వస్తుంది. ఇక ఫోను దూర్చే అట్టపెట్టెలు కొనేవారు ఆ ఫోన్లో తిప్పడాన్ని కనిపెట్టే జైరోస్కోప్ ఉందో లేదో చూడాలి. చవక ఫోన్లలో చాలావాటికి అది ఉండదు. తల తిప్పినా బొమ్మ తిరగదు.

3. కంప్యూటరుకు ముడిపడినవి. గూగుల్ ఎర్త్ వీఆర్ చూపించి, అరసవల్లి నుంచి అమెరికా దాకా పిల్లలు ఎగిరిపోతారని చెప్పి అమ్మకందారులు ఆర్డర్లు తీసుకెళ్తున్నారు. 2016లో వచ్చిన ఆ అప్లికేషన్ కంప్యూటరుకు కలిపిన హెడ్‌సెట్‌లోనే నడుస్తుంది. ఒంటరిగా నడిచే క్వెస్ట్‌లో నేరుగా రాదు. సరుకు దిగాక సంగతి తెలుస్తుంది, అప్పటికి బిల్లు పాసై ఉంటుంది. కంప్యూటరు, హెడ్‌సెట్, వైర్లు, గ్రాఫిక్స్ కార్డు కలిపి ఒక్కో జతగా రాస్తేనే ఆ పద్దు నిలబడుతుంది. వైరు లేకుండా నడపాలంటే కంప్యూటరు నుంచి రూటరుకు లాన్ కేబుల్ వేసి, రూటరు నుంచి హెడ్‌సెట్‌కు 5 గిగాహెర్ట్జ్ వైఫై ఇవ్వాలి. ఇక్కడ ఇంటర్నెట్ స్పీడుతో పనిలేదు. గదిలోని రూటరే ముఖ్యం. ఒక రూటరు మీద ఒకటో రెండో హెడ్‌సెట్లు బాగా నడుస్తాయి, పది నడవవు.

పాత స్టాకుతో ఇంకా జాగ్రత్త. విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ హెడ్‌సెట్లు సగం ధరకు దొరుకుతున్నాయంటే కారణం ఉంది. వాటిని నడిపే సాఫ్ట్‌వేర్‌ను ఆపేస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ 2023 డిసెంబర్‌లో ప్రకటించి, 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి తీసేసింది. ల్యాబు కంప్యూటరు ఒక రాత్రి అప్‌డేట్ అయితే తెల్లారేసరికి హెడ్‌సెట్ పనిచేయదు. మొదటి తరం క్వెస్ట్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా 2024తో ఆగిపోయాయి.

4. పీరియడ్ లెక్క. తరగతిలో 60 మంది, హెడ్‌సెట్లు పది, పీరియడ్ 45 నిమిషాలు అనుకుందాం. చూడటానికి ఆరు నిమిషాలు, తుడిచి, పట్టీ సర్ది, కంటికి సరిచేయడానికి రెండు నిమిషాలు. ఒక్కో వంతుకు ఎనిమిది, ఆరు వంతులకు 48. గంట కొట్టాక కూడా చివరి పదిమంది మిగిలిపోతారు. చివరి పదిమంది అంటే ఎప్పుడూ వెనక బెంచీవాళ్లే. 30 మందిని ల్యాబుకు, 30 మందిని మామూలు తరగతికి పంపి, మరుసటి వారం తారుమారు చేస్తే మూడు వంతులకు 24 నిమిషాలు సరిపోతాయి. చూసినదాని మీద ప్రశ్నలడగడానికి టీచరుకూ వ్యవధి మిగులుతుంది.

బ్యాటరీ రెండు గంటల ముచ్చట. రెండు పీరియడ్లు లాగించి, మూడో దాంట్లో ఒక్కొక్కటే ఆరిపోతుంది. మళ్లీ నిండటానికి రెండు గంటలు దాటుతుంది. అందుకే పదింటినీ ఒకేసారి వాడకుండా అయిదేసి చొప్పున రెండు జట్లు చేయాలి. అప్పుడు మూడు వంతుల లెక్కన ఒక్కో పీరియడ్‌లో 15 మందికే చూసే వీలు దొరుకుతుంది. ఆ లెక్కతోనే టైం టేబుల్ వేయాలి గాని, వేశాక బ్యాటరీని తిట్టి లాభం లేదు. క్వెస్ట్ 2, 3, 3ఎస్ కంట్రోలర్లకు ఒక్కోదానికి ఒక పెన్సిల్ సెల్ కావాలి. 20 హెడ్‌సెట్లంటే 40 సెల్స్. ఇది ఏ ఇండెంటులోనూ ఉండదు. టీచర్లు జేబులోంచి కొంటున్నారు. రీఛార్జి సెల్స్ 80, రెండు ఛార్జర్లు మొదటే రాసేస్తే ఆ గొడవ ఉండదు.

5. కళ్లు. రెండు కనుపాపల మధ్య దూరాన్ని ఐపీడీ అంటారు. పెద్దవాళ్లలో సగటున 63 మిల్లీమీటర్లు. క్వెస్ట్ 2, 3ఎస్‌లలో లెన్సులు 58, 63, 68 అని మూడు మెట్ల మీదే ఆగుతాయి. క్వెస్ట్ 3లో చక్రం తిప్పి మధ్యలో ఎక్కడైనా ఆపుకోవచ్చు. చిన్న పిల్లల్లో చాలామందికి ఆ దూరం 58 కన్నా తక్కువే. లెన్సు మధ్యభాగం కనుపాపకు ఎదురుగా లేకపోతే బొమ్మ రెండుగా చెదిరి, తలనొప్పి వస్తుంది. పిల్లలు ఆ మాట చెప్పరు, తమ తప్పేమో అనుకుంటారు. కళ్లజోడు షాపులో దొరికే స్కేలుతో ఒకసారి కొలిచి, హాజరుపట్టీలో పేరు పక్కన రాసుకుంటే ఏడాదంతా పనికొస్తుంది. కళ్లజోడు పెట్టుకునే పిల్లలకు మధ్యలో దూరం పెంచే స్పేసర్ తగిలించాలి. లేదంటే అద్దానికి అద్దం రాసుకుని హెడ్‌సెట్ లెన్సు మీద గీతలు పడతాయి. ఆ గీతలు మేం తీయలేం.

వయసు సంగతి తయారీదారులే రాశారు. ప్లేస్టేషన్ వీఆర్ 12 ఏళ్లలోపు వారికి కాదని సోనీ చెప్పింది. క్వెస్ట్ తయారుచేసే మెటా మొదట 13 ఏళ్లని పెట్టి, 2023లో 10 నుంచి 12 ఏళ్ల వారికి తల్లిదండ్రులు నడిపే ఖాతాతో వీలిచ్చింది. ప్రైమరీ స్కూలుకు హెడ్‌సెట్లు మంజూరు చేసేవారు ఆ కాగితం చదివారా అన్నది మా అనుమానం. ఫ్లాష్ వెలుగులకు ఫిట్స్ రావచ్చని, అలాంటివారు సుమారు నాలుగు వేల మందిలో ఒకరుంటారని పెట్టెతో వచ్చే హెచ్చరికలోనే ఉంది. అరగంటకోసారి 10–15 నిమిషాలు విరామం ఇవ్వాలనీ ఉంది. ఆ కాగితం చాలా ల్యాబుల్లో సీలు కూడా విప్పకుండా బీరువాలో పడి ఉంటుంది.

6. ఒకరి చెమట ఇంకొకరికి. 2023 జూలై, ఆగస్టుల్లో కళ్లకలక ఊరూరా ఎలా పాకిందో అందరం చూశాం. ఒకే హెడ్‌సెట్ అరవై మొహాలకు తగిలితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. దానితో వచ్చే స్పాంజి ప్యాడ్ చెమట పీల్చుకుంటుంది, తుడిస్తే పోదు. క్వెస్ట్ 2 స్పాంజి చర్మానికి పడటం లేదన్న ఫిర్యాదులతో 2021లో అమెరికాలో దాదాపు 40 లక్షల ప్యాడ్లను వెనక్కి పిలిచి, సిలికాన్ కవర్లు ఇచ్చారు. మన ఉక్కపోతలో సిలికాన్ కవరు తప్పనిసరి. తుడవడానికి ఆల్కహాల్ లేని వైప్స్ వాడాలి. లెన్సును మాత్రం పొడి మైక్రోఫైబర్ గుడ్డతోనే తుడవాలి. శానిటైజర్ కొట్టి లెన్సులు తెల్లబారినవి మా బల్ల మీదకు వస్తూనే ఉన్నాయి.

7. ఎండ, తేమ. హెడ్‌సెట్‌ను లెన్సులు పైకి ఉండేలా కిటికీ దగ్గర పెడితే భూతద్దంలా పనిచేసి వెనకున్న తెరను కాల్చేస్తుంది. కొద్దిసేపు చాలు. ఆ మచ్చ మళ్లీ పోదు, వారంటీలోకీ రాదు. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా సముద్రపు గాలి తగిలే ఊళ్లలో లెన్సులకు బూజు పడుతుంది. కెమెరాలు వాడేవారికి ఇది తెలిసిందే. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి దాచాలి.

8. ఉత్సవాల స్టాళ్లు. ల్యాబుల్లో ఎక్కువగా జరిగేది డబ్బు నష్టం, పాఠం నష్టం. స్టాళ్లలో దెబ్బల భయం ఇంకా ఎక్కువ. సిరిమానోత్సవం నాడు విజయనగరంలో, రథసప్తమి నాడు అరసవల్లిలో ఎంత జనం కదులుతారో తెలిసిందే. అలాంటి రద్దీలో ‘9డీ వీఆర్’ అని బోర్డు పెట్టి, గుడ్డు ఆకారపు కుర్చీల్లో కూర్చోబెట్టి రోలర్ కోస్టర్ చూపిస్తారు. 9డీ అనేది బోర్డు మీది మాట. లోపల జరిగేది కూర్చునే రకం వీడియో, కదిలే కుర్చీ. తల తిప్పినప్పటి నుంచి బొమ్మ మారేదాకా పట్టే వ్యవధి 20 మిల్లీసెకన్లలోపు ఉండాలి. పాత పరికరాల్లో అది దాటిపోతుంది. దానికి తోడు కుర్చీ కదలిక బొమ్మకు ఒక అర క్షణం వెనకబడితే కడుపులో దేవుతుంది. ఇక్కడిదాకా పెద్ద ప్రమాదం కాదు. కానీ దిగిన మనిషి తల ఇంకా తిరుగుతుండగానే పిల్లల్ని ముందు, వెనక కూర్చోబెట్టుకుని బండి తీస్తాడు. తేరుకునేదాకా బండి నడపొద్దని తయారీదారులు రాసింది ఇందుకే.

అదే షామియానాలో పక్కనే నిలబడి కత్తి తిప్పే ఆట కూడా పెడుతున్నారు. అది రెండో రకం. తాడు కట్టి హద్దు పెట్టరు, చుట్టూ జనం మూగుతారు. పైగా షామియానా నిండా సీరియల్ సెట్లు మెరుస్తుంటాయి. హెడ్‌సెట్ కెమెరాలు కంట్రోలర్ల మీద ఉండే, కంటికి కనిపించని పరారుణ దీపాలను చూసి చెయ్యి ఎక్కడుందో లెక్కగడతాయి. చిన్న చిన్న బల్బుల దండలను చూసి అవే అని పొరబడతాయి. ఆటలో చెయ్యి ఎక్కడో కనిపిస్తుంది, అసలు చెయ్యి పక్కమనిషి దవడకు తగులుతుంది. గదిలో చీకటి ఎక్కువైనా, ఎదురుగా పెద్ద అద్దం ఉన్నా ఇదే తంతు. బయటి దేశాల నుంచి తెచ్చిన సెట్లలో ట్రాకింగ్ (కదలికలు కనిపెట్టే) ఫ్రీక్వెన్సీ 60 హెర్ట్జ్ మీద ఉండిపోతే మన 50 హెర్ట్జ్ కరెంటు దీపాల కింద బొమ్మ వణుకుతుంది. సెట్టింగుల్లో 50కి మార్చితే పోతుంది. అర నిమిషం పని, చేసేవాడే ఉండడు.

9. పిల్లల వివరాలు. సిక్స్ డాఫ్ హెడ్‌సెట్ కెమెరాలతో గదిని కొలుస్తుంది, చేతి కదలికలు చదువుతుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూసి, వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి, అదీ నిర్ధారించుకోదగ్గ అనుమతి, ఉండాలంటోంది. ఎవరో ఒక సారు సొంత ఫోన్ నంబరుతో ఖాతా తెరిచి ఇరవై సెట్లకూ అదే పెట్టేస్తున్నారు. ఆయనకు బదిలీ అయితే సెట్లన్నీ తాళం పడ్డట్టే.

ఇవన్నీ దృష్టిలో పెట్టుకుని మేం అడుగుతున్నవి:

ఒకటి. ఏ ఇండెంటులోనైనా వీఆర్ పద్దును కూర్చునేది, నిలబడేది, నడిచేది అని మూడుగా విడదీసి, ఒక్కో దాని ఎదురుగా గది కొలత, ఒకేసారి వాడే మంది సంఖ్య రాయాలి. గది కొలత లేని ఇండెంటును కమిటీ వెనక్కి పంపాలి.

రెండు. కంప్యూటరుతో నడిచేవాటిని, ఒంటరిగా నడిచేవాటిని ఒకే టెండర్లో కలపొద్దు. ఏ పాఠం, ఏ అప్లికేషన్ నడపాలో ముందే రాసి, సరుకు తీసుకునే రోజు అదే గదిలో, అదే కరెంటు మీద నడిపి చూపించాకే బిల్లు కట్టాలి. తయారీదారు అప్‌డేట్లు ఆపేసినవి కొనొద్దు.

మూడు. పరికరాల ధరతోపాటు సిలికాన్ కవర్లు, వైప్స్, రీఛార్జి సెల్స్, స్పేసర్లు, తిరిగే కుర్చీలు, దాచే డబ్బాలు ఒకే మంజూరులో రావాలి. ‘కంటింజెన్సీ (చిల్లర ఖర్చుల పద్దు) నుంచి చూసుకోండి’ అనే మాట ఇక వద్దు.

నాలుగు. పదేళ్లలోపు పిల్లలకు హెడ్‌సెట్ ఇవ్వొద్దు. ఆపై వయసు వారికి తల్లిదండ్రుల సంతకం తెలుగులో ఉన్న కాగితం మీద తీసుకోవాలి. ఫిట్స్, చూపు సమస్యల గురించి అందులో అడగాలి. ఖాతాలు సంస్థ పేరుతోనే ఉండాలి.

అయిదు. స్టాలు అనుమతి పత్రంలో రకం రాయించాలి. నిలబడే ఆటకు నాలుగు వైపులా తాడు, సెట్‌కొక మనిషి, సీరియల్ సెట్లు లేని పందిరి షరతుగా పెట్టాలి. ఒక్కో వంతు అయిదు నిమిషాలు మించకూడదు. దిగినవారు పది నిమిషాలు కూర్చోవడానికి బల్లలు వేయాలి. కళ్లు ఎర్రబడినవారిని ఎక్కించకూడదు. ఈ షరతులు టికెట్ కౌంటర్ దగ్గర పెద్ద అక్షరాలతో తెలుగులో కట్టాలి.

ఆరు. ఇప్పటికే కొని మూలన పడేసిన హెడ్‌సెట్లను రెండు జిల్లాల్లోనూ లెక్క తీయండి. వాటిలో చాలావరకు చెడిపోయినవి కావు, తప్పు గదిలో పడ్డవి. నడిచే రకానికని కొని చోటు చాలక బీరువాలో పెట్టిన సిక్స్ డాఫ్ సెట్లను కూర్చునే పాఠాలకు ఇప్పుడే వాడొచ్చు, ఒక్క పైసా ఖర్చు లేదు. సెట్టింగుల్లో హద్దును ‘స్టేషనరీ’కి, అంటే ఉన్నచోటే వాడే రకానికి, మార్చి, ఒక్కో కుర్చీకి అయిదు అడుగుల చదరం జాగా వదిలితే చాలు. ఏ స్కూలు పిలిచినా వచ్చి ఈ మార్పు ఉచితంగా చేసి, ఇద్దరు టీచర్లకు నేర్పి వెళ్తాం.

ఈ ఆరింటిలో దేనికి ఒప్పుకుంటారో, దేనికి ఎందుకు ఒప్పుకోరో రాతపూర్వకంగా చెప్పండి. తర్వాతి టెండరు తెరిచేలోపు ఆ జవాబు మాకు చేరాలి.

ఇట్లు,
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వీఆర్ పరికరాలు బిగించే, బాగుచేసే, పాఠాలు రూపొందించే సాంకేతిక సిబ్బంది